ముందుకు జరిపిన గీత

(కర్ణాటకలోని తుర్విహాళలో ఒక వ్యాయామోపాధ్యాయుని సంస్మరణ సభలో చేసిన స్మారకోపన్యాస పాఠం)

కన్నడ మిత్రులు ముందు వరసలోనే కూర్చున్నారు. కాసేపు కన్నడలో మాట్లాడనా అని అడిగితే, "తెలుగే కానివ్వండి, మాకు అర్థం కాకపోతే గదా" అన్నారు. తుంగభద్ర ఎడమ కాలవ నీళ్లు కలిసి తాగి పెరిగినవాళ్లం, ఆ మాత్రం చనువుంటుంది.

మాస్టారు అంటే ఈ సభలో ఎవరికీ ఇంకొకరు గుర్తుకు రారు. అందుకని పేరు చెప్పను. కన్నడ పిల్లలు "మేష్ట్రే" అనేవాళ్లు, మేము "మాస్టారూ" అనేవాళ్లం. ఎవరు ఎలా పిలిచినా ఆయన ముందు మన కాళ్ల వంక చూసి, ఆ తర్వాతే మొహం చూసేవారు. పాదం ఎలా పడుతోంది, మడమ ముందా వేళ్లు ముందా అన్నది ఆయన లెక్క. మెడలో ఈల, జేబులో స్టాప్‌వాచ్, చంకలో నల్ల అట్ట నోటుబుక్కు. నాకు తెలిసిన మాస్టారు ఇంతే. ఆ నోటుబుక్కు సంగతి చివర్లో చెబుతాను.

ఈ ఉపన్యాసానికి విషయం ఎంచుకోమన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఒక తాడు. మా చిన్నప్పుడు కోతలైపోయిన మడిలో ఆటల పోటీలు పెట్టేవారు. మాస్టారు ముందురోజు సాయంత్రమే వచ్చి, మోళ్లు చెక్కించి, సున్నంతో గీతలు పోయించేవారు. ఒక ఏడు గుండ్రంగా తిరిగి వచ్చే పరుగు పెట్టారు. లోపలి గీతలో వాణ్ణి వెనక, బయటి గీతలో వాణ్ణి ముందు, ఒకరి తర్వాత ఒకరు మెట్లు మెట్లుగా నిలబెట్టారు. చూసిన జనం గోల చేశారు. ఒక మోతుబరి పంచె ఎగగట్టి మడిలోకి దిగి, "మావాణ్ణి వెనక నిలబెట్టి ఆ పిల్లాణ్ణి ముందు పెడతావేం మాస్టారూ, ఎవరి చుట్టం వాడు?" అని అడిగాడు.

మాస్టారు జవాబు చెప్పలేదు. నీళ్ల బిందెకు కట్టిన చేంతాడు విప్పించి ఆయన చేతికిచ్చారు. "రెండు గీతలూ మీరే కొలవండి" అన్నారు. ఆయన కొలిచాడు. వంపు తిరిగేచోట తాడు మడత పడుతుంటే ఇద్దరు జీతగాళ్లు మోకాళ్ల మీద కూర్చుని పట్టుకున్నారు. రెండు గీతలూ ఒకే లెక్కకు వచ్చాయి. బయటి గీత వంపులో ఎక్కువ దూరం తిరుగుతుంది, ఆ ఎక్కువైన దూరాన్నే మొదట్లో ముందుకు జరిపారన్న సంగతి అక్కడున్నవాళ్లకు అప్పుడు తెలిసింది. ఆయన తాడు చుట్టి ఇస్తూ, "మా తూముల లెక్క లాగే ఉందే" అన్నాడు.

నిజంగా అదే లెక్క. పై ఆయకట్టువాడు ఇష్టమొచ్చినట్టు తూము ఎత్తుకుంటే మాన్వి, సిరవార వైపు చివరి ఆయకట్టుకు తడి కూడా చేరదు. అందుకే వంతులు పెడతారు. వంతు పెట్టడాన్ని చివరి రైతుకు దానం చేయడమని ఎవరూ అనరు, అంటే ఆ రైతు ఊరుకోడు.

పెద్ద మైదానాల్లో ఈ ఏర్పాటును స్టాగర్ అంటారు. 400 మీటర్ల ట్రాక్ మీద ఒక్కో గీత వెడల్పు 1.22 మీటర్లు. ఒకే చుట్టు పరుగుకి రెండో గీతవాడు మొదటి గీతవాడికన్నా 7.04 మీటర్లు ముందు నిలబడతాడు. టీవీలో చూసేవాళ్లకు అది అన్యాయంలా కనిపిస్తుంది. చివరి వంపు తిరిగి నేరు దారిలోకి వచ్చాకగానీ ఎవరు ముందో ఎవరు వెనకో తెలియదు. ఈ ముందుకు జరిపిన గీత గురించే ఇవాళ నేను చెప్పదలచుకున్నాను. అలాంటి గీత దొరికినందువల్ల ఒక తెలుగు పిల్ల ఎక్కడిదాకా పరిగెత్తిందో చెబుతాను. దొరకనందువల్ల మన మధ్య ఒకడు ఎక్కడ ఆగిపోయాడో కూడా చెబుతాను.

*

ఆ పిల్ల పేరు జీవంజి దీప్తి. ఊరు వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ. 2003లో పుట్టింది. అమ్మానాన్నలు కూలి చేసుకునేవాళ్లు. తాతగారు పోయాక ఉన్న కాస్త పొలమూ అమ్ముకున్నారు. పిల్లకు పుట్టుకతోనే బుద్ధి వికాసంలో లోపం. మాట తొందరగా అందదు, చెప్పింది పట్టుకోవడానికి టైము పడుతుంది. ఊరు ఆమెకు రెండు పేర్లు పెట్టింది. ఒకటి పిచ్చిది, రెండోది కోతి. ఎక్కడైనా అనాథాశ్రమంలో వదిలేయమని సలహా ఇచ్చినవాళ్లు కూడా ఉన్నారని తల్లి తర్వాత పత్రికలవాళ్లకు చెప్పింది. కల్లెడ మనుషులు చెడ్డవాళ్లని నేను చెప్పబోవడం లేదు. కాలవ వెంట వెలసిన మన తెలుగువాళ్ల క్యాంపుల్లో గుడ్డోడు, కుంటోడు, నత్తోడు, మొద్దు అన్న పేర్లు ఎన్ని ఇళ్లకున్నాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

కల్లెడకు ఒక అదృష్టం ఉంది. అక్కడ రూరల్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ వాళ్ల బడి ఉంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో విల్లు పట్టిన వర్ధినేని ప్రణీతది కూడా ఆ ఊరే, ఆ బడే. అంటే ఆ బడిలో పిల్లల కాళ్లూ చేతులూ చూసే కన్ను ముందునుంచే ఉంది. వ్యాయామోపాధ్యాయుడు బియాని వెంకటేశ్వర్లు దీప్తి పరుగు చూశారు. ఆ పిల్లకు మాట ఆలస్యమని, లెక్కలు రావని బడిలో అందరికీ తెలుసు. ఆ కాళ్లు ఏం చేస్తున్నాయో ఆయన చూశారు.

తర్వాత ఒక జూనియర్ పోటీల్లో ఆమె భారత క్రీడా ప్రాధికార సంస్థ కోచ్ నాగపురి రమేశ్ కంట పడింది. ద్యుతీచంద్‌కు పరుగు నేర్పిన రమేశే ఈయన. 2016లో ద్రోణాచార్య పురస్కారం అందుకున్నారు. పిల్లను హైదరాబాద్ పంపండి అన్నారాయన. పంపడానికి ఆ ఇంట్లో బస్సు చార్జీ లేదు. వరంగల్ నుంచి హైదరాబాద్ బస్సు టికెట్ ఎంతుంటుంది? మన దగ్గర ఒక మూట ఎరువు ఖరీదు కూడా ఉండదు. ప్రపంచ రికార్డుకూ కల్లెడకూ మధ్య ఒకప్పుడు అడ్డం నిలబడ్డది ఆ టికెట్టే. రమేశ్ వదిలిపెట్టలేదు కాబట్టి పిల్ల హైదరాబాద్ చేరింది.

అక్కడ మొదట్లో ఆమె పరిగెత్తింది మామూలు అమ్మాయిలతోనే. బాగానే పరిగెత్తేది కూడా. అయితే చెప్పింది ఒంటబట్టడానికి ఇంకొకరికి పది రోజులు పడితే ఈమెకు నెల పట్టేది. ఇక్కడ బ్యాడ్మింటన్ కోచ్ పుల్లెల గోపీచంద్ కలగజేసుకున్నారు. ఆమెను సికింద్రాబాద్‌లోని జాతీయ మేధో వైకల్య సాధికార సంస్థలో పరీక్ష చేయించమని సూచించారు. పరీక్షలయ్యాయి. లోపం ఏమిటో, ఎంతో కాగితం మీదకు వచ్చింది. ఆ కాగితం వల్ల ఆమె పారా అథ్లెటిక్స్‌లో టి20 అనే వర్గంలో పరిగెత్తడానికి అర్హత సాధించింది. గోపీచంద్-మైత్రా ఫౌండేషన్ అండగా నిలిచింది.

మీరు గమనించండి. అప్పటిదాకా ఊరు పెట్టిన పేర్లలో ఆమెలో ఏం లేదో అన్నదే ఉంది. టి20 అన్న పేరు కూడా లోపాన్ని బట్టి వచ్చిందే. కానీ ఆ పేరు ఆమెకు నిలబడడానికి ఒక గీత చూపించింది.

*

ఈ వర్గాల సంగతి కొంచెం విడమరిచి చెప్పాలి. పారా అథ్లెటిక్స్‌లో టి అంటే ట్రాక్. 11 నుంచి 13 దాకా చూపు లోపం ఉన్నవాళ్లు. 20 బుద్ధి వికాస లోపం. ముప్ఫైల్లో ఉన్నవి కండరాలు మాట వినని సెరిబ్రల్ పాల్సీ వంటివి. నలభైల్లో, అరవైల్లో ఎక్కువగా కాలు, చేయి లోపాలు. యాభైల్లో చక్రాల కుర్చీ పరుగులు. ఎవరు ఏ వర్గమో తేల్చడానికి డాక్టర్లు, సాంకేతిక నిపుణులు కూర్చుని పరీక్షిస్తారు. మాస్టారు చేంతాడుతో చేసిన పనే వాళ్లూ చేస్తారు. ఎవరి వంపు ఎంత ఎక్కువ తిరుగుతుందో కొలిచి, దాన్ని బట్టి ఎవరు ఎవరితో పరిగెత్తాలో తేలుస్తారు.

ఇలాంటి పోటీల మొదలు చూస్తే, రెండో ప్రపంచ యుద్ధంలో వెన్ను విరిగిన సైనికుల కోసం ఇంగ్లండ్‌లో స్టోక్ మాండెవిల్ ఆస్పత్రి డాక్టరు లుడ్విగ్ గుట్‌మన్ 1948 జులై 29న, సరిగ్గా లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజున, విలువిద్య పోటీ పెట్టారు. ఆడినవాళ్లు పదహారుగురు. 1960లో రోమ్‌లో అది పారాలింపిక్స్‌గా ఎదిగింది. మన దేశానికి మొదటి పారాలింపిక్ స్వర్ణం 1972లో హైడెల్‌బర్గ్‌లో మురళీకాంత్ పేట్కర్ ఈత కొట్టి తెచ్చాడు. ఆయన 1965 యుద్ధంలో తూటాలు తిన్న సైనికుడు. మన కర్ణాటక పిల్లాడు హొసనగర గిరీశ 2012 లండన్‌లో ఎత్తు దూకి రజతం తెచ్చాడు.

ఈ చరిత్రలో టి20 వాళ్ల కథ వేరు. కాలు లేదంటే కంటికి కనిపిస్తుంది. బుద్ధి వికాసంలో లోపం కనిపించదు కాబట్టి మోసానికి చోటుంది. 2000లో సిడ్నీలో ఆ మోసం జరిగింది. బుద్ధిమాంద్యుల బాస్కెట్‌బాల్‌లో స్వర్ణం గెలిచిన స్పెయిన్ జట్టు పన్నెండు మందిలో పది మందికి ఏ లోపమూ లేదు. ఆ జట్టులోనే ఆడిన ఒక విలేకరి బయటపెడితే లోకానికి తెలిసింది. మోసం చేసింది లోపం లేనివాళ్లు. శిక్ష పడింది లోపం ఉన్నవాళ్లకు. ఆ వర్గం మొత్తాన్నీ పారాలింపిక్స్ నుంచి తీసేశారు. పరీక్షలు కట్టుదిట్టం చేసి తిరిగి రానిచ్చింది 2012 లండన్‌లోనే. వంతు లేనివాడు రాత్రిపూట తూము ఎత్తితే వంతుల పద్ధతే రద్దు చేసినట్టయింది. పన్నెండేళ్లపాటు ప్రపంచంలో ఎన్ని కల్లెడలలో ఎంతమంది పిల్లలు గీత లేక నిలబడిపోయారో లెక్క ఎవరు కట్టగలరు?

*

ఇక పరుగు సంగతి. 400 మీటర్లు అంటే ఒకే ఒక్క చుట్టు. దూరం తక్కువ కాబట్టి మొత్తం గుడ్డిగా దూకేద్దామా అంటే మూడు వందల దగ్గర కాళ్లు సీసం పోసినట్టు బరువెక్కుతాయి. దాచుకుందామా అంటే ముందువాళ్లు అందరు. ఎంత ఖర్చు పెట్టాలి, ఎంత ఉంచుకోవాలి అన్నది క్షణక్షణం తేల్చుకోవాలి. మొదటి నుంచి చివరిదాకా ఎవరి గీతలో వాళ్లే ఉండాలి. లెక్క కుదరని బుర్రకు ఇది అసలైన పరీక్ష. దీప్తి ఈ పరుగే ఎంచుకుంది, లేదా ఈ పరుగే దీప్తిని ఎంచుకుంది.

2023 అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో 56.69 సెకన్లలో స్వర్ణం గెలిచింది. 2024 మే 20న జపాన్‌లోని కోబెలో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్. టర్కీ అమ్మాయి ఐసెల్ ఓండర్ పోటీలో ఉంది. చివరి వంపు తిరిగాక ఇద్దరే మిగిలారు. దీప్తి 55.07, ఓండర్ 55.19. అంతకు ముందున్న ప్రపంచ రికార్డు అమెరికా అమ్మాయి బ్రియానా క్లార్క్‌ది, 55.12. దాన్ని దీప్తి దాటింది సెకనులో వందో వంతులు ఐదు. ఆమె పరుగు వేగానికి లెక్క వేస్తే అది జానెడున్నర దూరం. పిచ్చిదన్న ఊరికీ ప్రపంచంలో మొదటిదన్న గడియారానికీ మధ్య ఉన్నది ఆ జానెడున్నరే.

అక్కడ ఆపేస్తే మంచి కథ అవుతుంది. కానీ మాస్టారు మంచి కథలకన్నా నిజమైన టైములు ఇష్టపడేవారు, కాబట్టి మిగతాది కూడా చెప్పాలి. ఆ రికార్డు నాలుగు నెలలు కూడా నిలవలేదు. పారిస్ పారాలింపిక్స్‌లో హీట్స్‌లోనే ఓండర్ 54.96 పరిగెత్తి దాన్ని తీసుకుపోయింది. 2024 సెప్టెంబరు 3న ఫైనల్. ఉక్రెయిన్ అమ్మాయి యూలియా షులియార్ 55.16తో మొదట, ఓండర్ 55.23తో రెండు, దీప్తి 55.82తో మూడు. పారాలింపిక్స్‌లో బుద్ధి వికాస లోపం ఉన్న భారతీయులకు వచ్చిన మొట్టమొదటి పతకం ఆ కంచు. ఆ క్రీడల్లో మన దేశానికి మొత్తం 29 పతకాలు వచ్చాయి. అందులో ఒకటి కల్లెడది.

మరుసటి ఏడు సెప్టెంబరులో ప్రపంచ పోటీలు మన ఢిల్లీకే వచ్చాయి. అక్కడ దీప్తి 55.16లో పరిగెత్తింది. పారిస్‌లో స్వర్ణం తెచ్చిన టైము సరిగ్గా అదే. ఢిల్లీలో అదే టైముకు రజతం వచ్చింది, ఓండర్ అంతకన్నా ముందు చేరింది కాబట్టి. ఇదేం న్యాయం అనిపిస్తుంది మనకు. పరిగెత్తేవాళ్లకు అనిపించదు. ఎవరితో పరిగెత్తాలన్నది ఒకసారి న్యాయంగా తేల్చాక, అక్కణ్ణుంచి గడియారం ఎవరి మొహమూ చూడదు. పాపం అని దీప్తికి సెకనులో వందో వంతు కూడా ఎవరూ కలపలేదు. ఆమెకు కావలసింది కూడా అదే. జాలితో ఇచ్చిన పతకమైతే ఈ ఉపన్యాసమే అక్కర్లేదు.

ఇంటి సంగతి కూడా ఒక మాట. ఆసియా క్రీడల తర్వాత వచ్చిన డబ్బుతో అమ్మానాన్నలు తిరిగి పొలం కొనుక్కున్నారు. పారిస్ తర్వాత తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, వరంగల్‌లో 500 గజాల స్థలం, గ్రూప్-2 ఉద్యోగం ప్రకటించింది. కోచ్‌కు పది లక్షలు. 2025 జనవరిలో రాష్ట్రపతి చేతుల మీదుగా ఆమె అర్జున పురస్కారం అందుకుంది. పొలం అమ్ముకుని కొత్త ఊరికి రావడం ఏమిటో, మళ్లీ ఎకరం కొని గట్టు మీద నిలబడడం ఏమిటో, ఈ సభలో కూర్చున్న పెద్దవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి మూటాముల్లె సర్దుకుని వచ్చి ఇక్కడి నల్లరేగడి దున్నినవాళ్లు మీరు. కల్లెడ తల్లి ఆ పొలం గట్టు మీద మొదటిసారి నిలబడినప్పుడు ఏమనుకుందో మీకే బాగా తెలుస్తుంది.

*

ఇప్పుడు మన సంగతి.

మా తరగతిలో ఒకడుండేవాడు. వాడికి మేం పెట్టిన పేరు మొద్దు. పలకా బలపం చేతిలో నిలిచేవి కావు. కానీ గేదెల వెంట పడితే కాలవ గట్టు మీద సైకిల్ తొక్కేవాడికి కూడా అందేవాడు కాదు. చేంతాడుతో గీతలు కొలిచిన ఆ రోజు పరుగులో వాడూ ఉన్నాడు. ఈల ఊదగానే దూకాడు. మొదటి వంపు దగ్గర అందరికన్నా ముందున్నాడు. అక్కడ లోపలి గీత దగ్గరగా కనిపించింది వాడికి. చక్కగా తన గీత వదిలి లోపలి గీతలోకి వచ్చి, అందరికన్నా ముందు చేరి, చేతులు పైకెత్తి నిలబడ్డాడు. వాణ్ణి పోటీలోంచి తీసేశారు. మేం పొట్టలు పట్టుకుని నవ్వాం. వాడూ మాతోపాటు నవ్వాడు, తనను చూసే నవ్వుతున్నారని తెలియక.

మాస్టారు నవ్వలేదు. మరునాటి నుంచి రోజూ పొద్దున్నే వాడి చేయి పట్టుకుని సున్నపు గీత వెంట నడిపించేవారు. ఒక నెల నడిపించారు. తర్వాత చేయి వదిలి పక్కన నడిచారు. తర్వాత పరిగెత్తించారు. వాడు గీత తప్పడం మానేశాడు. తాలూకా పోటీలకు పేర్లు పంపేటప్పుడు మాత్రం వాడి పేరు వెళ్లలేదు. ఈల అర్థం కానివాడు, అక్కడ పరువు తీస్తాడు, వాడి బస్సు చార్జీ దండగ అన్నారు. ఎవరన్నారన్నది ఇప్పుడు అనవసరం. అన్నప్పుడు మేమంతా అక్కడే ఉన్నాం, కాదని ఎవరం అనలేదు. అప్పట్లో టి20 అన్న మాట మాస్టారికి కూడా తెలియదు. తెలిసినా కాగితం ఎక్కడ రాయించాలో, ఏ ఆఫీసు మెట్లెక్కాలో చెప్పేవాళ్లు లేరు.

ఇప్పుడు అలా చెప్పుకోవడానికి వీల్లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఇరవై ఒక్క రకాల లోపాలను గుర్తించింది. అంతకు ముందు 1995 చట్టంలో ఉన్నవి ఏడే. ప్రభుత్వ ఉద్యోగాల్లో మూడు శాతం ఉన్న వాటాను నాలుగు చేసింది, అందులో బుద్ధి వికాస లోపం ఉన్నవాళ్లకూ చోటుంది. అంటే గీతలు పోసి ఉన్నాయి. పిల్లను ఆ గీత దాకా నడిపించే చేయి మాత్రం ఏ చట్టంలోనూ రాదు. కల్లెడ నుంచి కోబె దాకా చేతులు వరసగా అందాయి. బడిలో ఒకరు చూశారు, పోటీల్లో ఒకరు వదల్లేదు, ఒకరు పరీక్ష చేయించమన్నారు, ఒకరు తిండి, బూట్లు చూసుకున్నారు. అందులో ఏ ఒక్క చేయి వెనక్కి తీసుకున్నా దీప్తి ఇవాళ కల్లెడలో కలుపు తీస్తూ ఉండేది, మనకు ఆమె పేరు కూడా తెలిసేది కాదు.

మాస్టారు పోయాక వాళ్లబ్బాయి ఆ నల్ల అట్ట నోటుబుక్కు నా చేతికిచ్చాడు. పేజీల నిండా పేర్లు, దూరాలు, టైములు. ఒక పేజీలో పైన తేదీ, కింద నాలుగు వందల మీటర్లు, చెప్పుల్లేకుండా, మడిలో అని రాసి ఉంది. ఎదురుగా ఒక టైము. ఆ టైము నేను ఇప్పటి కోచ్‌లు ఇద్దరికి చూపించాను. ఇద్దరూ చదివి, మళ్లీ చదివి, ఈ కుర్రాడు ఎక్కడున్నాడని అడిగారు. టైము పక్కన రాసిన పేరు నాకెవరిదో తెలియలేదు. ఇంటిపేరుతో సహా పూర్తిగా, గుండ్రంగా రాసి ఉంది. ఐదేళ్లు ఒకే తరగతిలో కూర్చున్నాం, వాడి అసలు పేరు నేను మొదటిసారి చూసింది ఆ నోటుబుక్కులోనే.

ఆ పేరు ఇక్కడ మైకులో చెప్పను. వాడు ఇక్కడికి దగ్గర్లోనే ఉన్నాడు, ఇప్పటికీ గేదెలే. సభ అయ్యాక ఆ క్యాంపుకు వెళ్తున్నాను. ఈసారి వాణ్ణి ఆ పేరుతోనే పిలుస్తాను. వెంటనే తిరిగి చూస్తాడో లేదో నాకు తెలియదు. ఇన్నేళ్లలో ఆ పేరుతో వాణ్ణి పిలిచినవారు మాస్టారు ఒక్కరే.